తెలుగులో మాటల ఆటలు: మీ ప్రోగ్రాము వికటకవిని ఎందుకు వదిలేసింది

తిరుపతిలో డిగ్రీ చదువుతున్న మీరు అడిగిన ప్రశ్నను నాకు అర్థమైనంతలో ముందుగా చెబుతాను. ఒక నిఘంటువులోని పదాలన్నిటినీ కంప్యూటరు చేత తిరగేయించి, ముందునుంచి చదివినా వెనుకనుంచి చదివినా ఒకేలా ఉండే మాటలను ఏరారు. జలజ, నటన, మడమ, సరస, నయన వంటివి కొన్ని మాత్రమే దొరికాయి. అందరికీ తెలిసిన వికటకవి కూడా ఆ జాబితాలో లేదు. ఇటువంటి ఆటలకు తెలుగు అనువైన భాష కాదేమో అన్నది మీ సందేహం. దీన్నొక అధ్యయనంగా చేపట్టవచ్చునా, చేపడితే ఎక్కడ మొదలుపెట్టాలి అన్నది దాని వెంట వచ్చిన ప్రశ్న. చిత్తూరు జిల్లా కళాశాలల్లో ముప్పై ఏళ్ళకు పైగా తెలుగు పాఠం చెప్పి, అందులో చాలా కాలం ఒక చిన్న మాసపత్రికకు ప్రతినెలా గడి, అంటే గళ్ళలో పదాలు నింపే పజిలు, కూర్చి ఇచ్చినవాణ్ణి కనుక, ఈ విషయంలో నాలుగు మాటలు చెప్పగలననుకుంటున్నాను.

మీ జాబితాను మళ్ళీ ఒకసారి చూడండి. అందులోని మాటలన్నీ తలకట్టు తప్ప మరో గుణింతం లేనివి. గుడి గాని, కొమ్ము గాని, ఏత్వం గాని ఉన్న మాట ఒక్కటీ లేదు. లోపం భాషలో లేదు, ప్రోగ్రాము దేన్ని ఒక్కటిగా లెక్కపెట్టిందన్న దానిలో ఉంది. మన కంటికి వికటకవి అయిదు అక్షరాలు. కంప్యూటర్లు లిపులను రాసుకునే యూనికోడ్ లెక్కలో మాత్రం అది ఏడు సంకేతాలు: వ, దాని గుడి, క, ట, క, వ, మళ్ళీ గుడి. వాటిని ఉన్నవి ఉన్నట్టుగా తిరగేస్తే, పట్టుకోవడానికి హల్లు లేని గుడి ఒకటి మొదట వేలాడి, దాని వెనుక ‘వకటకివ’ అనే అర్థం లేని మాట వస్తుంది. అదే కారణంగా పులుపు, కునుకు, కులుకు, మిసిమి, మహిమ, నవీన, టమాట, నందనం, కంటకం, ముత్యము, నవజీవన ఇవన్నీ మీ జల్లెడలోంచి జారిపోయాయి. కోతల కాలంలో కూలీలు వరుసగా నిలిచి పట్టే ‘మునుము’ కూడా వీటిలో ఒకటే. పల్లెలో పెరిగినవారికి ఆ మాట తెలిసే ఉంటుంది.

దీనికి మందు కష్టమైనది కాదు. హల్లు, దాని ఒత్తులు, గుణింతపు గుర్తు, సున్న, విసర్గ అన్నిటినీ కలిపి ఒక గుత్తిగా కట్టి, ఆ గుత్తులను తిరగేయాలి. యూనికోడ్ 2023లో వచ్చిన 15.1 కూర్పు నుంచి సంయుక్తాక్షరాలను కూడా ఒకే గుత్తిగా చూసే నియమాన్ని తెలుగుకు చేర్చింది. అంతకు ముందరి ప్రోగ్రాము లైబ్రరీలు ‘క్ష’ను రెండు ముక్కలు చేస్తాయి కనుక మీరు వాడుతున్నది ఏ కూర్పో చూసుకోండి. అక్షరాన్ని కూర్చడం యంత్రాలకు అంత తేలిక కాదనడానికి 2018 ఫిబ్రవరిలో ఆపిల్ ఫోన్లు ‘జ్ఞా’ అనే ఒక్క తెలుగు అక్షరం దగ్గర కుప్పకూలడమే సాక్ష్యం. యంత్రాలనే ఎందుకు తప్పుపట్టాలి, నా తొలి గడిని అచ్చువేసిన ముద్రణాలయంలో ఒత్తుకు వేరే గడి కేటాయించారు. ఆ నెల పాఠకులు రాసిన ఉత్తరాలను నేను ఇప్పటికీ దాచుకున్నాను.

అయితే అక్షరం ఒక్కటే ప్రమాణమని కూడా అనుకోకండి. వికటకవిని ధ్వనులుగా విడదీసి వెనుకనుంచి పలికితే ‘ఇవకటకివ్’ అవుతుంది. అంటే చెవికి అది తిరగబడే మాట కానే కాదు. చెవికి తిరగబడేవి వేరే ఉన్నాయి, అవి మనం పొద్దున లేచింది మొదలు పిలుచుకునే పిలుపులే: అమ్మ, అక్క, అన్న, అత్త, అవ్వ. ‘అమ్మ’ను అ, మ్, మ్, అ అని విడదీసి చూడండి, ఎటునుంచి పలికినా అమ్మే. ఇది, ఇవి, అల కూడా అంతే. సున్నను మకారంగా పలుకుతాం కనుక మతం, మదం, మఠం కూడా ఈ కోవలోకే వస్తాయి. మఠాలకు కొదవలేని ఊళ్ళో ఉన్నారు కాబట్టి చివరి మాటను మీరు గుర్తుపెట్టుకుంటారు.

ఇక్కడ ఒక విశేషం ఉంది, దీన్ని నేను చాలా ఆలస్యంగా గమనించాను. అచ్చుతో ముగిసే తెలుగు మాటల్లో, ఒంటి అక్షరపు మాటలను పక్కనపెడితే, అక్షరాల లెక్కన తిరగబడే మాట ధ్వనుల లెక్కన తిరగబడదు. ధ్వనుల లెక్కన తిరగబడేది అక్షరాల లెక్కన తిరగబడదు. ధ్వనుల లెక్కన తిరగబడాలంటే మాట అచ్చుతో ముగుస్తున్నది కనుక అచ్చుతోనే మొదలుకావాలి. అచ్చు అక్షరమేమో మన లిపిలో మాట మొదట్లో తప్ప చివర రాదు కనుక, అచ్చుతో మొదలైన మాట అక్షరాల లెక్కన తిరగబడే అవకాశమే లేదు. రెండు జాబితాలూ ఒకదానికొకటి తగలని రెండు కంచెల్లో ఉంటాయి. మీరు మొదట తేల్చుకోవలసింది తెలుగు అనువైనదా కాదా అని కాదు, మీ ఆటకు పిక్క, అంటే ఒక్కటిగా లెక్కపెట్టేది, ఏది అని. ఆ పిక్క అక్షరం కావచ్చు, ధ్వని కావచ్చు, పలికే నిడివిని కొలిచే మాత్ర కావచ్చు. దాన్ని మార్చిన ప్రతిసారీ మీరు వేరే ఆట ఆడుతున్నట్టే.

ధ్వనుల జాబితాలో నాకు ఇష్టమైన మాట ‘అలకల’. ‘సత్యభామ అలకల కథ’ అన్నప్పుడు వచ్చే ఆ రూపం ఏడు ధ్వనులూ ఎటునుంచైనా ఒకటే. ఆ అలకను కావ్యం చేసిన నంది తిమ్మనే తన పారిజాతాపహరణంలో అక్షరాల లెక్కన తిరగబడే కందపద్యం ఒకటి రాశాడన్నది చూస్తే కాకతాళీయమే అయినా ముచ్చటగా ఉంటుంది. ఆ పద్యం ఇది:

నాయశరగసారవిరయ
తాయనజయసారసుభగధరధీనియమా
మాయనిధీరధగభసుర
సాయజనయతాయరవిరసాగరశయనా

చివరి అక్షరం నుంచి మొదటికి చదువుకుంటూ రండి, మళ్ళీ ఇదే పద్యం వస్తుంది. దీని అర్థం చెప్పడానికి వ్యాఖ్యాతలు పడిన తిప్పలు అలా ఉంచి, నిర్మాణం చూడమంటాను, ఎందుకంటే మీరు అధ్యయనం అంటున్నది ఇక్కడ మొదలవుతుంది. పాదాలకు వరుసగా పది, పదహారు, పది, పదహారు చొప్పున మొత్తం 52 అక్షరాలు. కందానికి ప్రతి పాదంలోనూ రెండో అక్షరం ప్రాస. ఆ నాలుగు స్థానాలు పద్యం మొత్తంలో 2, 12, 28, 38వ అక్షరాలు. పద్యం తిరగబడాలి కనుక 28కి జంట 25, 38కి జంట 15. కాబట్టి ప్రాస నిలవాలంటే 2, 12, 15, 25 అక్షరాలు నాలుగూ ఒకే హల్లు కావాలి. లెక్కపెట్టి చూడండి, నాలుగు చోట్లా యకారమే ఉంది. రెండో పాదం, నాలుగో పాదం గురువుతో, అంటే రెండు మాత్రల అక్షరంతో, ముగియాలన్నది కందం నియమం (ఒక మాత్రదైతే లఘువు). ఆ గురువులే తిరిగి మూడో పాదానికీ మొదటి పాదానికీ తొలి అక్షరాలవుతాయి కనుక పద్యం గురువుతోనే ఎత్తుకోక తప్పదు. ఒక పాదం గురువుతో మొదలైతే అన్ని పాదాలూ గురువుతోనే మొదలుకావాలన్న నియమం వల్ల నా, తా, మా, సా అని నాలుగూ దీర్ఘాలే వచ్చాయి.

ఇంకా లోతుకు పోదాం. కందంలో రెండేసి పాదాలు కలిపి లెక్కపెట్టే నాలుగు మాత్రల గణాల్లో ఆరోది జగణమైనా (లఘువు, గురువు, లఘువు) కావచ్చు, నలమైనా (నాలుగు లఘువులు) కావచ్చు. తిరగబడే కందంలో మాత్రం జగణానికి చోటు లేదు, ఎందుకంటే రెండో పాదంలోని ఆ గణమే వెనుకనుంచి మూడో పాదంలో మూడో గణంగా, అంటే జగణం రాకూడని బేసిస్థానంలో, ప్రత్యక్షమవుతుంది. అందుకే రవిరయ, రసుభగ, గభసుర, యరవిర అని నాలుగు చోట్లా నాలుగేసి లఘువులు వరుసకట్టాయి. పద్యం మొత్తంలో సంయుక్తాక్షరం ఒక్కటీ లేదన్నది గమనించారా? సంయుక్తాక్షరం తనకు ముందున్న అక్షరాన్ని గురువు చేస్తుంది. ‘పక్షి’లో పకారం గురువు, తిరగేసిన ‘క్షిప’లో అదే పకారం లఘువు. అంటే ఒత్తు వేస్తే మాత్రల లెక్క ఎటో ఒకవైపు తప్పే ప్రమాదం ఉంది. యతి, అంటే పాదం తొలి అక్షరానికి నడుమ ఒక అక్షరంతో కుదరవలసిన పొత్తు, కూడా చెడలేదు, రెండో పాదంలో త–ధలకు, నాలుగో పాదంలో సా–సాలకు కుదిరింది. కవి ఇవన్నీ ఇలా వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాడని నేననను గాని, చెవిలో కందం నడక స్థిరపడినవాడికి తప్ప ఇది సాధ్యం కాదు.

సంస్కృతంలో దీనికన్నా పెద్ద సాహసాలున్నాయి. మీ ఊరినుంచి మూడు గంటల బస్సు ప్రయాణంలో ఉన్న కంచి ప్రాంతపు వేంకటాధ్వరి రాఘవయాదవీయంలో ముప్పై శ్లోకాలు రాశాడు. వాటిని ముందునుంచి చదివితే రాముడి కథ, వెనుకనుంచి చదివితే కృష్ణుడి కథ. దాని మొదటి మాటలు ‘వందేఽహం దేవం’. వం, దే, హం, దే, వం అని విడిగా చూస్తే ఆ ముక్క ఒక్కటే అటూ ఇటూ ఒకటిగా ఉంటుంది. ఒకే మాటలతో రెండు కథలు చెప్పే ద్వ్యర్థి కావ్యాల సంగతి, అంటే పింగళి సూరన రాఘవపాండవీయం వంటివాటి సంగతి ఇక్కడ ఎత్తుకోను. అది శ్లేషకు సంబంధించిన వేరే పెద్ద చదువు.

ఇంగ్లీషులో ఈ శాస్త్రానికి ఒక రూపు వచ్చింది 1965లో, డిమిత్రి బోర్గ్‌మన్ ఈ ఆటలన్నిటినీ వర్గాలుగా విడదీసి పుస్తకం వేసినప్పుడు. 1968లో అతని సంపాదకత్వంలోనే మొదలైన ‘వర్డ్ వేస్’ అనే త్రైమాసిక పత్రిక 2020 దాకా నడిచింది. వారి వర్గీకరణ చదవదగినదే. కాని దాన్ని తెచ్చి తెలుగుకు తొడిగితే మీ ప్రోగ్రాముకు జరిగినదే మీకూ జరుగుతుంది, ఎందుకంటే అక్కడ పిక్క లిపిలోని ఒంటి అక్షరం, మనకు అటువంటిది లేదు. మన ఆలంకారికులు తమ పిక్కలకు తామే పేర్లు పెట్టుకున్నారు. సంస్కృత కవి దండి కావ్యాదర్శంలో ప్రహేళికలనే, అంటే పొడుపు పద్యాలనే, పదహారు రకాలుగా చెప్పాడు. అక్షరం ఒకటి తీసేస్తే మరో అర్థం వచ్చేది అక్షరచ్యుతకం, మాత్రను మారిస్తే మాత్రాచ్యుతకం, సున్న తీసేస్తే బిందుచ్యుతకం.

ఈ చివరిదానికి తెలుగు ఎంత అనువైనదో చూడండి. నంది సున్న పోగొట్టుకుంటే నది, బండి బడి అవుతుంది, పంది పది అవుతుంది, మంది మది, గండి గడి, తొండ తొడ. మదనపల్లెలో టమాటాలు అమ్ముకునే మండి సున్న పోతే అవి పండిన మడి అవుతుంది. ఈ ఒక్క జతను నేను గడిలో మూడుసార్లు వాడుకున్నాను, ఎవరూ పట్టుకోలేదు. మొత్తం తిరగేస్తే వేరే మాట అయ్యేవి మరో వర్గం: లత–తల, మత–తమ, నవ–వన వంటివి. వాటిలో మేలైనది పలక–కలప, ఎందుకంటే పాత పలకల చట్రం కలపతోనే చేసేవారు.

అక్షరాన్ని నిషేధించి రాయడం ఇంకొక పెద్ద శాఖ. 1969లో జార్జ్ పెరెక్ అనే ఫ్రెంచి రచయిత తన భాషలో అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే ‘e’ అక్షరం లేకుండా నవల రాసి పేరుపొందాడు. దండి దశకుమారచరితంలో మంత్రగుప్తుడు ప్రియురాలి పంటిగాట్లతో పెదవులు నొచ్చి ఉన్నందున తన కథ మొత్తాన్ని పెదవులు తగలని అక్షరాలతోనే చెబుతాడు. అది అంతకు వెయ్యేళ్ళకు పైగా ముందటి మాట. నియమానికి కథలోనే కారణం చూపడం నాకు మరింత అందంగా కనిపిస్తుంది. మన భాషలో గోలకొండ సుల్తానుల కాలంలో మరింగంటి సింగరాచార్యులు ఇదే నియమంతో రామకథ చెప్పాడు. ప, ఫ, బ, భ, మ, వ మాత్రమే కాదు, ఉ, ఊ, ఒ, ఓ, ఔ కూడా పెదవులతో పలికేవే. తెలుగులో అది ఎంత కష్టమో ఆలోచించండి. మన విభక్తి ప్రత్యయాలే డు, ము, వు, లు. నామవాచకం పూర్తిగా చెబితే చాలు, పెదవులు గుండ్రమవుతాయి. రామాయణం రాస్తూ రాముడి పేరు ఎత్తకూడదు, అందులో మకారం ఉంది. అందుకే ఆ కావ్యం పేరు దశరథరాజనందన చరిత్ర. పెదవుల మధ్య సన్నని పుల్ల నిలిపి ఆ పేరు పలికి చూడండి, పుల్ల పడదు. ఆ వెంటనే ‘రాముడు’ అనండి. మా తరగతిలో పాఠం కన్నా ఈ పుల్ల ఎక్కువ పనిచేసేది.

ఇక మీరున్న చోటు మీకిచ్చే వరం ఒకటుంది, దాన్ని వదులుకోవద్దు. మూడు భాషలు కలిసే మా జిల్లాలో ఒకే ధ్వనికి మూడు అర్థాలు దొరుకుతాయి. ‘మాడు’ అంటే తెలుగులో నడినెత్తి, లేదా అడుగంటిన అన్నానికి పట్టేది. తమిళంలో పశువు. కన్నడంలో ‘చేయి’ అనే క్రియ. కుప్పం సంతలో ముగ్గురు నిలబడి ఈ మాట అంటే ముగ్గురూ మూడు విషయాలు చెప్పినట్టు. ‘ఇల్లే’ అని తెలుగువాడు అంటే అది ఇల్లే. తమిళుడు వాడుకలో అదే ధ్వనితో లేదని చెబుతాడు. కన్నడిగుడికి ‘ఇల్లి’ అంటే ఇక్కడ. మనకు ‘అవసరం’ అంటే కావలసి ఉండటం, సరిహద్దు దాటితే అదే తొందర. శ్లేషకోసం నిఘంటువులు తిరగేసేవారు బస్టాండులో అరగంట కూర్చోవడం మేలని నా అభిప్రాయం. మాండలికం కూడా ఇటువంటి గనే. ‘ఏడు’ అంటే సంఖ్య, సంవత్సరం, ఏడవమనడం అని మూడు అర్థాలు రాష్ట్రమంతటా ఉన్నవే. మనవైపు ‘ఏడుండావు?’ అన్నప్పుడు అది ‘ఏడ’, ‘ఉండావు’ అని విడిపోయి ‘ఎక్కడున్నావు’ అవుతుంది. ఏడుకొండల ఊళ్ళో ఈ శ్లేష ఎవరైనా పూర్తిగా వాడుకున్నారా అని నేను వెతుకుతూనే ఉన్నాను.

సంధి వల్ల మాటలు ఇలా రెండు చోట్ల విరగడం తెలుగు శ్లేషకు ప్రాణం. ‘పాలమ్మాయి’ అంటే పాలు తెచ్చే పిల్ల. ‘ఆ డెయిరీలు పాలమ్మాయి’ అన్నప్పుడు అమ్మాయి మాయమై అమ్మకం మిగులుతుంది. శ్రీశ్రీ పదబంధ ప్రహేళికలు, ఆరుద్ర గళ్ళ నుడికట్టు చూస్తే ఈ విరుపును ఎంత దూరం లాగవచ్చో తెలుస్తుంది. అన్నమయ్య ‘నానాటి బదుకు నాటకము, కానక కన్నది కైవల్యము’ అన్నప్పుడు నానాటికీ నాటకానికీ, కానకకూ కన్నదానికీ పెట్టిన లంకె కూడా ఇదే చదువులో భాగం. అది వేదాంతమైనంత మాత్రాన ఆట కాకుండా పోదు.

అధ్యయనంగా చేపట్టవచ్చునా అన్నదానికి వద్దాం. చేపట్టవచ్చు, కాని పోగుచేయడం వేరు, అధ్యయనం వేరు. తిరగబడే మాటల జాబితా పోగు. రెండు జాబితాలు ఎందుకు కలవవో చెప్పడం అధ్యయనం. మీకు సరిపోయే చిన్న సమస్య ఒకటి చెబుతాను. మా చిన్నప్పుడు పెద్దవారికి అర్థం కాకుండా ‘క భాష’ మాట్లాడుకునేవారం. ప్రతి అక్షరానికి ముందు ఒక క చేరుస్తాం, ‘నేను వస్తాను’ అంటే ‘కనేకను కవకస్తాకను’. ఇందులో ‘అమ్మ’ను మేము ‘కఅకమ్మ’ అనేవారం. కాని నోటి లెక్కన ఆ మాట అమ్, మ అని విరుగుతుంది. మరి మేము ఒత్తును తరువాతి అక్షరంతో కలిపింది నోరు చెప్పినందుకా, పలక మీద రాసిన అలవాటు చెప్పినందుకా? చదువు రాని పిల్లకాయలు, బడికి పోయే పిల్లకాయలు ఈ మాటను ఒకే చోట విరుస్తారో లేదో మీ వీధిలోనే అడిగి రాసుకోవచ్చు. ఎవరు చెప్పారు, వయసెంత, ఇంట్లో ఏ భాష, బడిలో ఏ భాష అన్నది ప్రతి నమూనా పక్కనా ఉండాలి. లేకపోతే ఆ సేకరణ రెండేళ్ళ తరువాత మీకే పనికిరాదు.

చదవడానికి పుస్తకాలు మీకు నడకదూరంలోనే ఉన్నాయి. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయపు ప్రాచ్య పరిశోధన సంస్థలోనూ, జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయంలోనూ అడిగితే కావ్యాదర్శం వ్యాఖ్యానాలతో దొరుకుతుంది. దాని మూడో పరిచ్ఛేదం మొదట చదవండి. తరువాత మాఘుడి శిశుపాలవధలో పందొమ్మిదో సర్గ. ‘వారణాగగభీరా సా సారాభీగగణారవా’ అని సగం సగం తిరగబడే శ్లోకాలు అక్కడ ఉన్నాయి. ఛందస్సు రాకుండా మాత్రం ఇందులోకి దిగకండి. గురులఘువులు విడదీయడం రానివారికి తిమ్మన కందం వట్టి అక్షరాల కుప్పగానే కనిపిస్తుంది. అష్టావధానం ఎక్కడ జరిగినా వెళ్ళి నిషిద్ధాక్షరి దగ్గర పృచ్ఛకుడు ఏ అక్షరాన్ని అడ్డుతున్నాడో, అవధాని ఏ అక్షరంతో తప్పించుకుంటున్నాడో వరుసగా రాసుకోండి. ఒక చిన్న హెచ్చరిక: తిరుపతి వేంకట కవుల పేరులోని తిరుపతి మన ఊరు కాదు, దివాకర్ల తిరుపతి శాస్త్రి. ప్రతి ఏడూ ఎవరో ఒక విద్యార్థి వ్యాసంలో ఈ పొరపాటు చేస్తాడు. అలాగే చాటువుల్లో ప్రతిదాన్నీ తెనాలి రామకృష్ణుడికి అంటగట్టే పుస్తకాలను ఆధారంగా చూపకండి.

మీ ప్రోగ్రామును గుత్తుల లెక్కకు మార్చాక దానికి మరొక చిన్న పని చెప్పండి. తిరగేసినప్పుడు ఒక జత పక్కపక్క అక్షరాలు మాత్రమే తారుమారయ్యే మాటలను, అంటే ఒక్క మెట్టులో తప్పిపోయిన వికటకవులను ఏరమనండి. మీ ఊరి పేరే ఆ జాబితాలోకి వస్తుంది. తి, రు, ప, తి అన్న నాలుగక్షరాల్లో రెండు చివరలూ కలిశాయి, నడిమి రెండే అడ్డం తిరిగాయి. ఆ జాబితా ఎంత పొడవు వచ్చిందో నాకు రాయండి.